నీలం తెర ముందు అత్త

ఆ ఏడు వేట ఆపిన రోజునే మా పాలేనికి టీవీ డాక్టరమ్మ వచ్చింది. రెండు వేల ఐదు, ఏప్రిల్ పదిహేను, శుక్రవారం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా నలభై ఏడు రోజులు సముద్రం మీదికి పోవద్దంటుంది ప్రభుత్వం. పడవలన్నీ గట్టెక్కి ఎండుతుంటాయి. మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ, పేకాడుకుంటూ, పెళ్ళాల మీద పెత్తనం చేస్తూ పొద్దు పుచ్చుతుంటారు. అలాంటి పనిలేని రోజుల్లో పంచాయితీ ఆఫీసు డాబా మీద గొడుగంత డిష్ బిగించారు. కింద గదిలో ఒక కంప్యూటరు, దాని నెత్తిన కోడిగుడ్డంత కెమెరా పెట్టారు. విజయవాడలో బెంజ్ సర్కిల్ దగ్గరున్న పెద్దాసుపత్రి డాక్టరు ఇందులోంచి మిమ్మల్ని చూసి మందులు రాస్తుంది అన్నారు. పాలెం పాలెమంతా ఎగబడింది.

ఆ గదికి నేనే ఇన్‌ఛార్జిని. ఇంటర్ తప్పానన్న మాట నిజమే గానీ, మా పాలెంలో ఇంటర్ దాకా వెళ్ళి తప్పిన కోడలిని కూడా నేనొక్కదాన్నే. విజయవాడ పిలిపించి మూడు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. బీపీ చూడటం, జ్వరం చూడటం, కంటి రెప్ప లాగి ఎర్రగా ఉందో పాలిపోయిందో చెప్పడం నేర్పారు. "డాక్టరుగారికి తెర మీద కళ్ళుంటాయి, చెవులుంటాయి. చేతులు మాత్రం ఉండవు. ఆ చేతులు మీరే" అని చెప్పారు. ఆ మాట నోట్సులో రాసుకుని కింద రెండు గీతలు కూడా గీసుకున్నాను.

ఇంట్లో మేమిద్దరమే, నేనూ అత్తా. నా మొగుడు నాగబాబు ఇబ్రహీంపట్నం కరెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ. బూడిద లారీలకెత్తే పని. రెండు నెలలకోసారి వచ్చి, రెండు రోజులు నిద్రపోయి, మూడో రోజు మొదటి బస్సుకి వెళ్ళిపోయేవాడు. మంచివాడే. ఉన్నాడంటే ఉన్నాడు, లేడంటే లేడు. అత్త నాంచారమ్మ మా నాన్నకు సొంత చెల్లెలు. మా అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. అప్పుడు నన్ను ఎత్తుకొచ్చి పెంచింది, పెంచి కోడల్ని చేసుకుంది. అత్త మొగుడు, మా మామ పెద్దబ్బాయి, పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు. వేట ఆపిన రోజుల్లో పాలెంలో ఇంజన్ల చప్పుడు ఉండదు, చేపల వేలం పాటల అరుపులు ఉండవు. సాయంత్రమైతే ఇద్దరం గుమ్మంలో కూర్చుని, అటు పోయే మనిషినీ ఇటు పోయే కుక్కనీ చూసేవాళ్ళం.

అంతకుముందు మా పాలేనికి వైద్యుడంటే వెంకటసుబ్బారావుగారే. నాగాయలంక నుంచి లూనా మీద వారానికి రెండుసార్లు వచ్చే ఆర్‌ఎంపీ. పెద్ద చదువేం లేదు, అవనిగడ్డలో ఒక డాక్టరుగారి దగ్గర పదిహేనేళ్ళు కాంపౌండరుగా చేశాడు. ఉత్త ముక్కోపి. ఆడవాళ్ళు పసుపు రాసుకునో, పౌడరు పూసుకునో వస్తే చెయ్యి వేసేవాడు కాదు.

"ముందు బోరింగు కాడికెళ్ళి మొహం కడుక్కుని రా. నోట్లో ఆకు ఉమ్మేసి పుక్కిలించు. నేను రోగాన్ని చూడ్డానికొచ్చా, పేరంటానికి కాదు" అనేవాడు.

తడి మొహంతో వచ్చి నిలబడితే, ఆ గరుకు చేతుల్తో రెప్ప కిందికి లాగి, నాలుక చాపించి, గోళ్ళు నొక్కి చూసేవాడు. నలుగురిలో అడగకూడనివి ఇంటి వెనక్కి తీసుకెళ్ళి గొంతు తగ్గించి అడిగేవాడు. ఎంత తిట్టినా జనం ఆయన లూనా చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని ఉండేవాళ్ళు.

కొత్తొక వింత, పాతొక రోత అన్నారు. తెర మీద డాక్టర్ మనోజ్ఞగారు తిట్టేది కాదు, సూది పొడిచేది కాదు. "నమస్తే అమ్మా, కూర్చోండి, చెప్పండి" అనేది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. మంగళ, శుక్రవారాలు పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా కనబడేది. జనం వరసలు కట్టి కూర్చునేవాళ్ళు. వెంకటసుబ్బారావుగారి లూనా దగ్గర మనిషి కనబడటం మానేశాడు.

మా వైపు కెమెరా ముందు కూర్చోవడమంటే జాతరకే. ఏడాదికోసారి గంగమ్మ జాతరకి అవనిగడ్డ నుంచి ఫోటోలతను తెర తెచ్చి కడతాడు. తలంటు పోసుకుని, పౌడరు రాసుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని దాని ముందు బిగుసుకుని నిలబడతాం. అందుకని టీవీ డాక్టరమ్మ దగ్గరకీ అలాగే వచ్చేవాళ్ళు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్న మనిషి కూడా తల దువ్వుకుని వచ్చేది. సిమెంటు గోడ ముందు మొహాలు నల్లగా పడుతున్నాయి, వెనక ఏదన్నా గుడ్డ కట్టండి అని ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేస్తే, అత్త పాత నీలం చీర తెచ్చి కుర్చీ వెనక కట్టాను. తర్వాత గోడకి ఒక అద్దం తగిలించాను. దాని కింద దువ్వెన, పౌడరు డబ్బా పెట్టాను. ఎవరూ చెప్పలేదు, అది నా తెలివే. స్టూడియోలా ఉందే నాగలక్ష్మీ అని అందరూ అంటుంటే మురిసిపోయాను.

మూడో వారమో ఏమో, వెంకటసుబ్బారావుగారు లూనా ఆపి కిటికీలోంచి లోపలికి తొంగి చూశాడు. అద్దం, దువ్వెన, నీలం చీర అన్నీ తేరిపార చూశాడు.

"మొహాలు కడిగిస్తున్నావా నాగలక్ష్మీ?" అన్నాడు.

"ఇక్కడ అక్కర్లేదండీ. మెషీనే చూసుకుంటది" అన్నాను.

ఆయన లూనా తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మా పాలెం రావడం మానుకున్నాడు. వయసులో నాన్నంతవాడిని అలా అన్నానే అని అప్పుడు అనిపించలేదు. మెషీను నాదన్నట్టు, అందులో డాక్టరమ్మ కూడా నాదే అన్నట్టు ఉండేది నాకు. నిజం చెప్పాలంటే ఆవిడ ప్రతిసారీ లైన్లోకి రాగానే "నువ్వెలా ఉన్నావు నాగలక్ష్మీ? టిఫిన్ తిన్నావా?" అని అడిగేది. అత్త తప్ప ఆ మాట నన్ను అడిగినవాళ్ళు లేరు. ఆ రెండు మాటల కోసం ఇస్త్రీ చీర కట్టుకుని తొమ్మిదింటికే వెళ్ళి గది తుడిచేదాన్ని.

గదిలో ఒక్కటే ఇబ్బంది. లైను సరిగా ఉండేది కాదు. "గట్టిగా చెప్పండమ్మా, వినబడటం లేదు" అనేది డాక్టరమ్మ. రోగి మైకు దగ్గరకి వంగి అరవాలి. ఉక్కకి తలుపు వేస్తే ప్రాణం పోతుంది, కిటికీ నిండా తలకాయలు. మా పక్కింటి గంగాప్రసాద్ బావ మొదటి వారమే తన మొలల సంగతి మైకులో అరిచి చెప్పుకున్నాడు. ఆ సాయంత్రం పేకాటకి కూర్చోబోతుంటే, "మెల్లగా బావా, దిండు తెమ్మంటావా?" అని నలుగురూ ఒకటే నవ్వు. అది చూశాక మా పాలెంలో ఎవరికీ పైకి చెప్పుకోలేని రోగాలు లేకుండా పోయాయి. అందరివీ మోకాళ్ళ నొప్పులూ, తలనొప్పులే.

అత్తకి మాత్రం మోకాళ్ళు నిజంగానే అరిగిపోయాయి. ముప్పై ఏళ్ళు చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగిన కాళ్ళు. ఏప్రిల్ ఆఖర్న ఒక మంగళవారం కుర్చీలో కూర్చుని చెప్పింది. డాక్టరమ్మ నొప్పుల మాత్రలు రాసింది.

"అన్నం తిన్నాకే వేసుకోండమ్మా. కడుపులో మంటగానీ, ఇంకేదన్నా తేడాగానీ ఉంటే వెంటనే చెప్పండి" అంది.

అత్త తల ఊపింది. మాత్రలు వేసుకున్న మూడో రోజుకి మోకాళ్ళు తేలికయ్యాయి. పాలెమంతా తిరిగి మా డాక్టరమ్మ, మా డాక్టరమ్మ అని చాటింది. మాత్రలు అయిపోతే మళ్ళీ తెప్పించుకుంది. అత్తకి పొద్దున పూట తినే అలవాటు లేదు. టీ నీళ్ళతోనే మాత్ర మింగేది. నేను చూస్తూనే ఉన్నాను. చూసి ఊరుకున్నాను.

మే నెల సగానికి వచ్చేసరికి అత్త వాకిలి ఊడుస్తూ మధ్యలో కూర్చోవడం మొదలుపెట్టింది. చీపురు చేతిలో అలాగే ఉండేది, కళ్ళు ఎటో చూసేవి. బావి నుంచి బిందె తెస్తూ రెండుసార్లు దించి రొప్పేది. పొద్దున్నే చెంబు పట్టుకుని సర్కారు తుమ్మల వైపు వెళ్తే చాలాసేపటికి గానీ వచ్చేది కాదు.

"ఏంటత్తా, ఒంట్లో బాగాలేదా?" అంటే,

"ఎండలే. ఈ ఏడు ఎండలు ముందే మండిపోతన్నాయి" అనేది.

నాకూ అలాగే అనిపించింది. వేసవిలో నీరసం రాకపోతే ఎప్పుడొస్తుంది. అయినా గది నా చేతిలోనే ఉంది కదా, శుక్రవారం తీసుకెళ్దాం అనుకున్నాను.

ఆ శుక్రవారం, మే ఇరవయ్యో తారీఖు, నాకు గంటగంటకీ గుర్తుంది. అత్తకి నీళ్ళు తోడి పెట్టాను. తల దువ్వి ముడి వేశాను. మొహం చూస్తే వాడిపోయి ఉంది. ఇలా తీసుకెళ్తే డాక్టరమ్మ ఏమనుకుంటుంది, కోడలు అన్నం పెట్టడం లేదనుకోదా అనిపించింది. గదికి వెళ్ళాక ఇంకా జనం రాకముందు అద్దం ముందు కూర్చోబెట్టి పౌడరు డబ్బా తీశాను.

"ఓసి నీ అఘాయిత్యం కూలా. మొగుడు పోయినదాన్ని, నాకెందుకే పౌడరు. నలుగురూ నవ్వుతారు" అని మొహం తిప్పుకుంది.

"డాక్టరమ్మ చూసుద్ది అత్తా. నువ్విట్టా ఉంటే నన్నంటది."

"నిన్నంటదా?"

"అనదా మరి."

ఆ మాటకి ఊరుకుంది. నన్నెవరైనా ఏదైనా అంటారంటే తట్టుకోలేదు అత్త. గడ్డం పట్టుకుని బుగ్గలకీ నుదుటికీ పౌడరు అద్దాను, మెడ దాకా దించాను. చిన్నప్పుడు నాకు అత్త ఎలా రాసేదో అలాగే, నా అరచేత్తో. అత్త కళ్ళు మూసుకుంది. తొమ్మిదేళ్ళ తర్వాత ఆ మొహానికి పౌడరు తగలడం. అయ్యాక అద్దం దగ్గరికి వంగి చూసుకుంది.

"మా అన్న పోలికలొచ్చాయే నాకు" అంది. అన్న అంటే మా నాన్న.

ఒంట్లో బాగాలేదని చూపించడానికి తీసుకెళ్ళి, బాగాలేనట్టు కనబడకూడదని ముస్తాబు చేశాను. ఇప్పుడు రాస్తుంటే ఎంత తెలివితక్కువ పనో తెలుస్తోంది. అప్పుడు మాత్రం అత్త ఎంత బాగుందో అనుకున్నాను. నోరు చప్పగా ఉందని ఆకువక్క వేసుకుంటే అదీ వద్దనలేదు.

పదింటికి లైను కలిసింది. కిటికీ నిండింది. ముందు వరసలో గంగాప్రసాద్ బావ.

"ఏంటమ్మా, ఇవాళ కళకళలాడిపోతున్నారు" అంది డాక్టరమ్మ.

కిటికీలో అందరూ నవ్వారు. అత్త సిగ్గుపడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకోబోయి, నవ్వేసింది. అప్పుడే మెషీను టిక్కుమంది. ప్రతి రోగికీ కాగితంతో పాటు ఒక ఫోటో దాచుకుంటుంది అది.

"చెప్పండమ్మా, ఏంటి ఇబ్బంది?"

"నీరసమండీ. నాలుగడుగులేస్తే ఆయాసమొస్తంది."

"ఇంకేమైనా ఉందా? గట్టిగా చెప్పండి."

అత్త మైకు వైపు వంగింది. కిటికీ వైపు చూసింది. మళ్ళీ వెనక్కి జరిగి కూర్చుంది.

"ఇంకేం లేదండీ" అంది.

"నాలుక చూపించండి. ఎర్రగానే ఉంది. నాగలక్ష్మీ, కళ్ళు చూశావా?"

"చూశానండీ. బాగానే ఉన్నాయి" అన్నాను.

నేను చూడలేదు. అబద్ధం చెబుతున్నానని కూడా నాకు తోచలేదు. అంతకుముందే పావుగంట సేపు ఆ మొహాన్ని రెండు చేతుల్లో పెట్టుకుని చూసిన దాన్ని కదా, చూశాననే అనుకున్నాను. రెప్ప మాత్రం లాగలేదు. బయట ఇంకా పదముగ్గురు కూర్చుని ఉన్నారు.

బీపీ కాస్త తక్కువుందని చెప్పాను. "ఎండలకే అయ్యుంటుంది. మజ్జిగ తాగండి, నీడపట్టున ఉండండి. వీలైతే అవనిగడ్డ వెళ్ళి ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండమ్మా" అంది డాక్టరమ్మ.

"వేట మొదలవనీండి, అప్పుడెళ్తానండీ" అంది అత్త.

ఆ తర్వాత మంగళవారం, శుక్రవారం కూడా డాక్టరమ్మ అడిగింది, "అత్తయ్యగారు ఎలా ఉన్నారు?" అని. "బాగున్నారండీ" అన్నాను. రోహిణీ కార్తె వచ్చేసింది, రోళ్ళు పగిలే ఎండలు. అత్త గుమ్మంలోనే ఎక్కువ కూర్చునేది. ఒక పొద్దున ఇంట్లో నా పౌడరు డబ్బా పెట్టినచోట కాకుండా వేరేచోట కనబడింది. ఓహో అనుకుని నవ్వుకున్నాను. నేను చూడనప్పుడు అత్త రోజూ కాస్త రాసుకుంటోంది. రాసుకోనీ అనుకున్నాను.

ఇరవై తొమ్మిది ఆదివారం. వేట మొదలవడానికి ఇంకా మూడు రోజులుంది. పాత ఎండుచేపలు పురుగు పట్టకుండా మళ్ళీ ఎండబెట్టడానికి అత్త ఇసుక దిబ్బ మీదికి వెళ్ళింది. చేపల మీదే పడిపోయింది. ఇద్దరు ఆడవాళ్ళు మోసుకొచ్చి అరుగు మీద పడుకోబెట్టారు. కళ్ళు తెరిచి చూస్తోంది గానీ మాట లోపలి నుంచి వస్తోంది.

నేను పంచాయితీ ఆఫీసుకి పరుగెత్తాను. ఆసుపత్రికి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఆదివారం. తాళం తీసి మెషీను ఆన్ చేశాను. ఎందుకు చేశానో నాకే తెలియదు. అటు మనిషి లేకపోతే అది మన వైపే చూపిస్తుంది. తెర మీద నీలం చీర, దాని ముందు ఖాళీ కుర్చీ కనబడ్డాయి. "డాక్టరుగారూ" అని మైకులో పిలిచాను. రెండుసార్లు పిలిచాను. నా అంత ఒంటరిది ఆ పూట ఈ దివిసీమలో ఇంకొకతె ఉండి ఉండదు.

ఇంటికొచ్చి గంగాప్రసాద్ బావ కాళ్ళు పట్టుకున్నంత పనిచేశాను, వెంకటసుబ్బారావుగారిని తీసుకురమ్మని. వస్తాడో రాడో అనుకున్నాను. ముప్పావుగంటలో లూనా చప్పుడు వినబడింది.

ఆయన నా వైపు చూడలేదు. సంచి కూడా విప్పలేదు. చెంబుతో నీళ్ళు అడిగి, భుజం మీది తువ్వాలు తడిపి, అత్త మొహం తుడిచాడు. నుదురు, బుగ్గలు, మెడ. తువ్వాలుకి తెల్లగా అంటింది. రెండో కొస తడిపి పెదాలు తుడిచాడు, నాలుక బయటికి తీయించి తుడిచాడు. ఆకువక్క ఎరుపు దానికంటింది. అప్పుడు బొటనవేలితో కింది రెప్ప లాగాడు. పక్కన నిలబడి నేనూ చూశాను. లోపల ఎరుపన్నదే లేదు.

"అందరూ అవతలికెళ్ళండి" అన్నాడు. నేను తప్ప అందరూ వెళ్ళారు. ఆయన అత్త చెవి దగ్గరికి వంగాడు.

"నాంచారమ్మా, విరేచనం ఎట్టా అవుతోంది?"

"నల్లగా పోతందయ్యా. తారు మాదిరి" అంది అత్త. గొంతులో సిగ్గు లేదు, బెరుకు లేదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఇరవై రోజులైంది."

ఏం మాత్రలు మింగుతోందని నన్నడిగాడు. తెచ్చి చూపించాను. ఖాళీ అట్టలన్నీ చూసి పక్కన పెట్టాడు. "ఈ మాత్రలకి కడుపులో పుండు పడి రక్తం పోతోంది. ఒంట్లో రక్తం లేదు. ఇప్పుడే బెజవాడ తీసుకెళ్ళాలి, వ్యాన్ మాట్లాడండి" అన్నాడు.

నేను అత్త పక్కన కూలబడ్డాను. "నాకు చెప్పలేదేంటత్తా? ఒక్క ఇంట్లో ఉంటన్నాం గదా."

అత్త నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది.

"నీకు చెబితే మైకులో చెప్పమంటావు గదే" అంది.

వ్యాన్‌లో వెంకటసుబ్బారావుగారు కూడా ఎక్కాడు. నేను రమ్మనలేదు, రమ్మనే మొహం నాకు లేదు. నాగాయలంక నుంచి బెంజ్ సర్కిల్ దాకా, అంత దూరమూ, అత్త మణికట్టు వదల్లేదు ఆయన. ఉయ్యూరు దగ్గర ఒకసారి పట్టు మార్చుకున్నాడు, అంతే.

సోమవారం పొద్దున డాక్టర్ మనోజ్ఞగారు వార్డులోకి వచ్చింది. తెర మీద కంటే పొట్టిగా ఉంది. మా మంచం దగ్గర ఆగి, కాగితాలు చూసి, నన్ను "మీరు పేషెంటుకి ఏమవుతారమ్మా?" అని అడిగింది. ఆరు వారాలు వారానికి రెండుసార్లు చూసిన మొహం, టిఫిన్ తిన్నావా అని అడిగిన మొహం. నేను పేరు చెప్పాను. ఒక్క క్షణం చూసి, "నువ్వా" అంది. ఆ తర్వాత అత్త చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. "ఇంత చల్లగా ఉందేంటి" అంది, ఎవరితోనో కాదు, తనలో తనే.

అత్త కళ్ళు తెరిచి చూసింది. "టీవీలో ఇంకా తెల్లగా ఉంటావమ్మా నువ్వు" అంది. డాక్టరమ్మ నవ్వబోయి నవ్వలేకపోయింది.

నాగబాబు ఇబ్రహీంపట్నం నుంచి ఉన్నపాటున వచ్చాడు. కనుబొమల్లో బూడిద అలాగే ఉంది. ఒక సీసా రక్తం ఇచ్చాడు. ఇంకెవరో ఇద్దరు ఇచ్చారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ రెండు రోజుల్లో తెలిసింది. మంగళవారం పొద్దున పదకొండు గంటలప్పుడు, పాలెంలో మా గదికి జనం వరస కట్టే వేళకి, అత్త పోయింది.

పాలెంలో మనిషి పోతే, ఆ మనిషిని సాగనంపిందాకా పడవ కదలదు. అది మా కట్టుబాటు. మేము వచ్చేసరికి వేట నిషేధం అయిపోయింది. డీజిలు పోసుకుని, పూజలు చేసుకుని, పడవలన్నీ సిద్ధంగా ఉన్నాయి. నలభై ఏడు రోజులు ఆగినవాళ్ళు అత్త కోసం నలభై ఎనిమిదో రోజు కూడా ఆగారు. ఎవరూ విసుక్కోలేదు. మర్నాడు తెల్లవారకముందే అన్ని ఇంజన్లూ ఒకేసారి లేచాయి. నేను వాకిట్లోకి వచ్చేసరికి గట్టు ఖాళీగా ఉంది. ఊడవాల్సిన వాకిలి ఉంది, చీపురు మూలన ఉంది, నేనున్నాను. అత్తా అని పిలవబోయాను.

కర్మ అయ్యాక గది తాళాలు ఇవ్వడానికి ఆసుపత్రికి వెళ్ళాను. అంతకు ముందు రోజే అద్దం తీసేశాను. పౌడరు డబ్బా కాలవలో పారేశాను. నీలం చీర విప్పి మడతపెట్టి ఇంటికి తెచ్చుకున్నాను. గుమ్మం పక్కన ఒక బకెట్టు, మగ్గు పెట్టి వచ్చాను. నా తర్వాత వచ్చే అమ్మాయికి అదెందుకో ఎవరైనా చెప్పారో లేదో తెలియదు.

డాక్టర్ మనోజ్ఞగారు తన గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించింది. నేను ఒక్కటే అడిగాను. అత్త ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు, జాతరలో తెర ముందుకి ఎప్పుడు రమ్మన్నా వచ్చేది కాదు. పెళ్ళినాటిది ఒకటుంటే డెబ్బై ఏడు ఉప్పెనలో ఇంటితో పాటు కొట్టుకుపోయింది. ఓటరు కార్డులో ఉన్నది ఆవిడో ఇంకెవరో దేవుడికే తెలియాలి. మీ మెషీనులో ఒకటి ఉందండీ, ఇప్పిస్తారా అన్నాను.

ఆవిడే కూర్చుని వెతికి కాగితం మీద తీయించింది. తీశాక నా చేతికి ఇవ్వకుండా తనే చాలాసేపు చూసింది.

"తప్పు నాది నాగలక్ష్మీ. ఆ లైన్లో రంగులే సరిగ్గా కనబడవు. నేను గట్టిగా అడగాల్సింది. పిలిపించి చూడాల్సింది" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నేను అప్పుడు చెప్పాల్సింది. అడిగారండీ, మీరడిగారు, నేనే చూశానని చెప్పాను అనాల్సింది. నాలుక చివరిదాకా వచ్చింది. టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ ఫోటో కవర్లో పెట్టి ఇచ్చింది, తీసుకుని వచ్చేశాను. నా తప్పు ఆ డాక్టరమ్మ నెత్తిన పెట్టి వచ్చాను. అప్పటికి వెంకటసుబ్బారావుగారు మళ్ళీ పాలెం వస్తున్నాడు. బస్టాండులో ఎదురైతే "తిన్నావా అమ్మా" అన్నాడు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

ఆ వర్షాకాలంలోనే ఇల్లు మూసేసి నాగబాబుతో ఇబ్రహీంపట్నం వచ్చేశాను. నాలుగేళ్ళయింది. ఒక గది, వంటిల్లు. పొద్దున తుడిస్తే సాయంత్రానికి కిటికీ మీద బూడిద. ఆయన షిఫ్టుకి వెళ్ళిపోతే ఇంట్లో నేనూ గోడ మీద అత్తా. ఫోటోకి ఫ్రేము కట్టించాను. వెనక నీలం చీర, ముందు అత్త, కొంగు నోటికి అందబోతూ ఆగిపోయింది. బుగ్గలు నిగనిగలాడుతున్నాయి, పెదాలు ఎర్రగా ఉన్నాయి. రోజూ ఫ్రేము మీది బూడిద తడిగుడ్డతో తుడుస్తాను. ఎంత తుడిచినా అద్దం మీదే గదా తుడిచేది.

మొన్న పక్క వాటాలోకి పద్మావతమ్మగారని కొత్తగా వచ్చారు. పంచదారకని వచ్చి, గోడ మీది ఫోటో చూసి నిలబడిపోయారు.

"జబ్బు చేసి పోయారన్నారే, ఆ అత్తగారేనాండీ? ఎంత కళగా ఉన్నారు. మొహంలో ఏ జబ్బూ ఉన్నట్టు లేదే" అన్నారు.

"అవునండీ" అన్నాను. "నేనూ అట్టాగే అనుకున్నాను."